తొమ్మిది మలుపులు, తొమ్మిది సెకన్లు: స్లోప్ రేసులో మీ టైమ్ ఎక్కడ పోతోంది

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. రెండేళ్లుగా కొండ అంచున, రిమోట్‌తో నడిపే ఇంజిన్ లేని గ్లైడర్లు ఎగరేస్తున్నారు. ఈమధ్యే మూడు మీటర్ల రెక్కల కార్బన్ మోడల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఎఫ్3ఎఫ్ పోటీల్లోకి (కొండ గాలి మీద ఈ గ్లైడర్లకి పెట్టే టైమ్ రేసు) దిగారు. అదే గాలిలో, దాదాపు అలాంటి మోడల్‌తోనే మిగతావాళ్లు 42 సెకన్లలో ముగిస్తుంటే మీకు 51 పడుతోంది. అందరూ బ్యాలస్ట్, అంటే మోడల్‌లో అదనపు బరువు, వెయ్యమంటున్నారు. వెయ్యాలా, వేస్తే ఎంత? డైనమిక్ సోరింగ్ (కొండ వెనక గుండ్రంగా తిరుగుతూ వేగం పెంచుకునే పద్ధతి) నేర్చుకుంటే ఏమైనా లాభమా? ఇవీ మీ ప్రశ్నలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రస్తుతానికి బ్యాలస్ట్ ముట్టుకోకండి. మీ తొమ్మిది సెకన్లూ మలుపుల దగ్గరే పోతున్నాయి. బరువు పెంచితే ఆ నష్టం తగ్గదు, ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

కోర్సు పొడవు 100 మీటర్లు. దాని రెండు చివర్లే ఎ, బి బేస్‌లు, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక లెగ్. ఎ బేస్ నుంచి బి బేస్‌కి, బి నుంచి ఎ‌కి మొత్తం పది లెగ్‌లు, వెయ్యి మీటర్లు. పది లెగ్‌లంటే మధ్యలో తొమ్మిది మలుపులు. మీకూ ముందున్నవాళ్లకూ తేడా తొమ్మిది సెకన్లు. అంటే మలుపుకి ఒక సెకను. ఇది కాకతాళీయంగా కుదిరిన అంకె అనుకోవచ్చు, కానీ మీరు రాసిన ఒక మాట నన్ను ఆపింది: "బజర్ వినగానే మోడల్‌ని వంచి ఎలివేటర్ లాగుతున్నాను" అన్నారు. (ఎలివేటర్ అంటే ముక్కుని లేపే తోక పలక, ఒరిగిన మోడల్‌ని మలుపు తిప్పేది అదే.) అసలు విషయం ఆ మాటలోనే ఉంది.

మోడల్ బేస్ దాటగానే మోగే బజర్ చెవికి తెలిసి వేలు కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఆ తర్వాత మోడల్ నిట్టనిలువుగా ఒరగడానికి, ఎయిలరాన్ (మోడల్‌ని ఒరిగించే రెక్క పలక) బాగానే పనిచేస్తే, ఇంకో 0.3 సెకను. ఈ అర సెకనూ మోడల్ బేస్ దాటి నేరుగా బయటికే పోతూ ఉంటుంది. సెకనుకి 20 మీటర్ల వేగంలో ఉంటే 10 మీటర్లు బయటికి, మళ్లీ లోపలికి రావడానికి ఆ 10 మీటర్లు. మొత్తం 20 మీటర్లు, ఒక సెకను. వేగం 30 మీటర్లయినా లెక్క మారదు. దూరం పెరుగుతుంది, సమయం మాత్రం అంతే: అర సెకను ఆలస్యానికి ఒక సెకను మూల్యం. తొమ్మిది మలుపులకి తొమ్మిది సెకన్లు. ఇందులో మోడల్ తప్పు ఏమీ లేదు, బరువు సంగతి అసలే లేదు.

పాయింట్లలో చూస్తే దీని విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆ రౌండ్‌లో అందరికన్నా తక్కువ టైమ్ వచ్చినవాళ్లకి 1000, మిగతావాళ్లకి ఆ టైమ్‌ని తమ టైమ్‌తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే వచ్చేది. 42కి 51 అంటే 823. మలుపుకి అర సెకను మాత్రం మిగుల్చుకోగలిగితే మీ టైమ్ 46.5 అవుతుంది, పాయింట్లు 903. ఒక్క గ్రాము కూడా కలపకుండా 80 పాయింట్లు.

ఇక చెయ్యాల్సింది. బేస్ దగ్గర జడ్జి బటన్ నొక్కేది మోడల్ ముక్కు ఆ నిలువు తలాన్ని దాటినప్పుడు. ముక్కు దాటితే చాలు. మోడల్ మొత్తం అవతలికి వెళ్లి తిరగాలని ఏ నియమమూ లేదు. మంచి పైలట్లని గమనించండి. బజర్ మోగేసరికి వాళ్ల మోడల్ అప్పటికే ఒరిగి, తిరగడం మొదలుపెట్టి ఉంటుంది. వాళ్లు బజర్ విని తిరగడం లేదు. బేస్ ఎక్కడుందో కంటికి తెలుసు, చేతికి తెలుసు. బజర్ వచ్చేది "సరిపోయింది" అని చెప్పడానికి మాత్రమే.

మీరు ఒకేసారి అక్కడికి దూకకండి. రెండు దశల్లో నేర్చుకోండి. మొదటి దశలో ఒరగడాన్ని, లాగడాన్ని విడదీయండి. బేస్‌కి ఓ పది మీటర్ల ముందే మోడల్‌ని ఒరగనిచ్చి, ఎలివేటర్‌ని మాత్రం బజర్ కోసం ఆపండి. ఒరిగిన మోడల్ ఆ కొద్ది క్షణం దాదాపు నేరుగానే పోతుంది, కొంచెం ఎత్తు కోల్పోతుంది, ఫర్వాలేదు. దీనితోనే 0.3 సెకను మిగులుతుంది, రెండు వైపులా కలిపి 0.6. ఇది చేతికి అలవాటయ్యాక రెండో దశ: లాగడాన్ని కూడా కొద్దికొద్దిగా ముందుకి జరపండి. ఒక రోజు ఒక మీటరు ముందు, అది నిలకడగా వస్తేనే ఇంకో మీటరు. మరీ ముందు లాగితే ముక్కు బేస్ దాటదు, బజర్ మోగదు, మళ్లీ వెనక్కి వెళ్లి దాటి రావాలి. దానికి మూడు నాలుగు సెకన్లు ఎగిరిపోతాయి, వేగమూ చచ్చిపోతుంది. అందుకే పోటీ రోజున, సాధనలో నిలకడగా వచ్చిన దానికన్నా ఒకటి రెండు మీటర్లు ఎక్కువే బయటికి వెళ్లండి. ఒక్క బేస్ తప్పితే ఆ రౌండ్‌లో తొమ్మిది మలుపుల్లో కూడబెట్టింది పోతుంది.

మలుపు ఎంత గట్టిగా తిప్పాలన్నది ఇంకో ప్రశ్న. ఇక్కడ చాలామంది రెండో చివరికి వెళ్లిపోతారు, స్టిక్ పొట్టలోకి వచ్చేదాకా లాగేస్తారు. సెకనుకి 25 మీటర్ల వేగంతో 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే రెక్క మీద పడేది సుమారు 8 జీ, అంటే మోడల్ బరువుకి ఎనిమిది రెట్లు. 12 మీటర్ల వ్యాసార్ధంలో అయితే 5 జీ పైచిలుకు. లిఫ్ట్ (రెక్కని మోసే బలం) పుట్టించడం వల్ల వచ్చే డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) లిఫ్ట్ వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, మొదటి మలుపులో ఆ డ్రాగ్ రెండోదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. చిన్న మలుపులో అర సెకను ఆదా అయినట్టు కనిపిస్తుంది, కానీ మోడల్ మందగించి బయటపడితే తర్వాతి వంద మీటర్లలో ఆ అర సెకనూ తిరిగి కట్టాల్సి వస్తుంది. మీ స్ప్లిట్‌లలో (లెగ్ లెగ్‌కీ పట్టిన టైమ్‌లలో) మొదటి మూడు లెగ్‌లు బాగుండి, నాలుగో లెగ్ నుంచి ఒక్కొక్కటీ ఇంకా ఎక్కువ టైమ్ తీసుకుంటూ పోతోందన్నారు చూడండి, అది గట్టిగా లాగుతున్నవాళ్ల స్ప్లిట్. ఆలస్యంగా మొదలుపెట్టాను కదా అని కంగారుపడి లాగడం వల్ల వచ్చేది. మొదలుపెట్టడం ముందుకి జరిగితే లాగడం దానంతట అదే మెత్తబడుతుంది. మలుపు మొత్తం ఒకే ఒత్తిడితో సాగాలి. చెవి పెట్టి వినండి, మలుపులో రెక్కల ఈల స్వరం ఒక్కసారిగా పడిపోతే మీరు ఎక్కువ లాగినట్టే.

ఇక్కడే స్నాప్ ఫ్లాప్ సంగతి. ఎలివేటర్ లాగినప్పుడు, రెక్క వెనక అంచున లోపలి వైపుండే పలకలు, అంటే ఫ్లాప్‌లూ ఎయిలరాన్‌లూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగేలా రిమోట్‌లో మిక్స్ పెడతాం. ఆ క్యాంబర్ (రెక్క వంపు) వల్ల రెక్క ఎక్కువ లిఫ్ట్‌ని తక్కువ డ్రాగ్‌తో ఇవ్వగలుగుతుంది. మీ మోడల్‌లో పాత యజమాని పెట్టిన విలువల్ని అలాగే ఉంచారన్నారు. మార్చే ముందు తయారీదారు ఇచ్చిన కొలతలతో సరిచూడండి. స్నాప్ ఫ్లాప్ ఎక్కువైతే మలుపు బ్రహ్మాండంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, మోడల్ మాత్రం బ్రేకు వేసినట్టు ఆగుతుంది. అలాగే ప్రతి ఫ్లాప్‌నీ చేత్తో పట్టుకుని కదిపి చూడండి. లింకేజ్‌లో (పలకని కదిపే కడ్డీలో) ప్లే, అంటే వదులు, ఉంటే ముందు అది తీసేయండి. సెకండ్ హ్యాండ్ మోడల్‌లో ఇది దాదాపు తప్పకుండా ఉంటుంది, వేగం పెరిగినప్పుడు ఫ్లటర్ (పలకలు అదుపు తప్పి అదరడం) వచ్చేది అక్కడినుంచే. ఫ్లటర్ వచ్చిన మోడల్ చాలాసార్లు మళ్లీ చేతికి రాదు.

సీజీ (మోడల్ గురుత్వ కేంద్రం) గురించి ఒక్క మాట. మోడల్‌ని కొంచెం డైవ్‌లో పెట్టి స్టిక్ వదిలేయండి. గట్టిగా పైకి లేస్తే సీజీ బాగా ముందుంది, ఆ స్థిరత్వానికి ప్రతి మలుపులో ఎలివేటర్ ఎక్కువ వాడి డ్రాగ్ రూపంలో కడుతున్నారు. ముక్కు ఇంకా లోపలికి దిగిపోతుంటే మరీ వెనకుంది. చాలా నెమ్మదిగా, ఇష్టం లేనట్టుగా లేవాలి. మార్చేటప్పుడు ఒక్కో మిల్లీమీటరే మార్చండి.

సరే, గాలి. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కొత్తవాళ్లు అన్నిటికన్నా తక్కువ చూసేదీ ఇదే. కొండకి ఎదురుగా వచ్చిన గాలి పైకి మళ్లుతుంది. అంచుకి కొంచెం ముందు, కొంచెం పైన ఒక పట్టీలా లిఫ్ట్, ఇక్కడ పైకి లేచే గాలి, బలంగా ఉంటుంది. మలుపులు ఎప్పుడూ కొండకి దూరంగా, గాలిలోకే తిప్పుతాం కాబట్టి ప్రతి మలుపు తర్వాతా మోడల్ ఆ పట్టీ నుంచి కొంచెం బయటికి వచ్చేస్తుంది. అక్కడే ఉండిపోయి అంచుకి సమాంతరంగా ఎగిరితే లెగ్ లెగ్‌కీ దూరం జరిగిపోతూ, బలహీనపడుతున్న లిఫ్ట్‌లో ఎగురుతుంటారు. లెగ్‌లో మోడల్‌ని నెమ్మదిగా ఏటవాలుగా కొండ వైపుకి తీసుకురావాలి, బేస్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పట్టీలో ఉండాలి. పైనుంచి చూస్తే సాగదీసిన ఎనిమిది అంకెలా ఉంటుంది. మీ లెగ్‌లు నాలుగో దాని నుంచి మందగించడానికి ఇది రెండో కారణం కావచ్చు. వీడియో తీయించుకుంటే ఒక్క ఫ్లైట్‌లో తెలిసిపోతుంది. మీ వెనక నుంచి కాకుండా కోర్సు పక్కన, బేస్‌కి అవతల నిలబడి తీయమనండి.

గాలి ఏటవాలుగా ఉంటే రెండు బేస్‌లూ ఒకటి కావు. నియమాల ప్రకారం కోర్సుకి లంబ దిశ నుంచి 45 డిగ్రీల దాకా పక్కకి ఉండొచ్చు, కానీ 20 డిగ్రీలకే తేడా బాగా తెలుస్తుంది. సెకనుకి 12 మీటర్ల గాలి 20 డిగ్రీలు పక్కకి ఉంటే కోర్సు వెంబడి సుమారు 4 మీటర్ల వేగంతో తోస్తుంది. గాలి తోసే వైపున్న బేస్ దగ్గర మోడల్ నేల మీద వేగంగా వస్తుంది, తిరుగుతున్నంతసేపూ బయటికి కొట్టుకుపోతుంది. అక్కడ మామూలు కన్నా ముందే తిప్పాలి. ఎదురు వైపు బేస్ దగ్గర గాలే వెనక్కి తోస్తుంది, కాబట్టి తొందరపడితే బేస్ తప్పుతుంది, అక్కడ కొంచెం ఓపిక పట్టాలి. బేస్ ఎ దగ్గరే మీకు ఎక్కువ టైమ్ పోతోందన్నారు. ఆ రోజు గాలి ఎటు నుంచి ఉందో గుర్తు తెచ్చుకోండి. నా ఊహ, బి నుంచి ఎ వైపుకి తోస్తోంది, మీరు రెండు చోట్లా ఒకేలా తిప్పారు. ఫ్లైట్‌కి ముందు అంచున కట్టిన రిబ్బన్ చూసి, ఏ బేస్ దగ్గర ముందు, ఏ బేస్ దగ్గర నిదానం అన్నది పైకే అనుకుని వెళ్లండి.

కొండలు కూడా అన్నీ ఒకలాంటివి కావు. సముద్రపు అంచున ఉన్న కొండ మీద గాలి నున్నగా, గంటల తరబడి ఒకేలా వస్తుంది. 2012లో మొదటి ఎఫ్3ఎఫ్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన జర్మనీలోని రూగెన్ ద్వీపం, 2016 నాటి డెన్మార్క్ హన్స్ట్‌హోమ్ అలాంటివే. 2014లో పోటీ జరిగిన స్లొవేకియాలోని డోనోవలీ లాంటి లోపలి పర్వతాల మీద థర్మల్స్ (నేల వేడికి పైకి లేచే గాలులు) కలుస్తాయి. ఒక నిమిషంలో గాలి పొంగుతుంది, మరో నిమిషంలో చచ్చిపోతుంది. అక్కడ ఇద్దరు సమానమైన పైలట్ల మధ్య కొన్ని సెకన్ల తేడా గాలి వల్లే రావచ్చు. మీ 51 ఒక్క రౌండ్‌దా, అన్ని రౌండ్లదా అని అందుకే అడుగుతున్నాను. ఒక్క రౌండ్‌దైతే బెంగ పెట్టుకోకండి. ఎక్కువ రౌండ్లు జరిగితే అన్నిటికన్నా చెత్తదాన్ని తీసేసే నియమం ఉన్నది అందుకే.

మోడల్ చేతిలోంచి వెళ్లాక మీకు 30 సెకన్లు ఉంటాయి. ఈలోగా ఎ బేస్ అవతలికి వెళ్లి, లోపలికి రావాలి. దాటి లోపలికి రాగానే గడియారం మొదలవుతుంది, 30 సెకన్లు అయిపోతే మీరు ఎక్కడున్నా మొదలవుతుంది. ఈ అర నిమిషంలో ఎంత ఎత్తు దొరికితే అంతా మీదే. 30 మీటర్ల ఎత్తుని పూర్తిగా వేగంగా మార్చగలిగితే సున్నా నుంచి సెకనుకి 24 మీటర్లు వస్తాయి. నిజంలో డ్రాగ్ కొంత తినేస్తుంది, అయినా చిన్న విషయం కాదు. చాలామంది 20 సెకన్లకే కంగారుపడి దూకేస్తారు. పక్కన నిలబడ్డ సహాయకుడిని సెకన్లు బిగ్గరగా లెక్కపెట్టమనండి. లిఫ్ట్ ఎక్కడుందో వెతకడానికి కూడా ఇదే సమయం. ఎత్తు ఎక్కడ తేలిగ్గా వచ్చిందో, తర్వాత పది లెగ్‌లలో మోడల్ అక్కడ ఎక్కువసేపు ఉండేలా చూసుకోవాలి.

ఇప్పుడు బ్యాలస్ట్. బరువు పెంచితే రెక్క అదే కోణంలో ఎగురుతూ బరువు నిష్పత్తి వర్గమూలం మేరకు వేగం పెంచుకుంటుంది. 2.3 కేజీల మోడల్‌ని 3.2 కేజీలు చేస్తే సుమారు 18 శాతం ఎక్కువ వేగం. వినడానికి బాగుంది. కానీ కిందికి దిగే వేగమూ అంతే శాతం పెరుగుతుంది, దాన్ని నిలబెట్టేంత లిఫ్ట్ కొండ ఇవ్వాలి. ఇంకోటి, మోడల్ తిరగగల అతి చిన్న వ్యాసార్ధం బరువుతో పాటే పెరుగుతుంది, ఇక్కడ దాదాపు 40 శాతం. ఆలస్యంగా తిప్పే పైలట్‌కి బరువైన మోడల్ ఇస్తే బేస్ అవతల ఇంకా దూరం వెళ్లి, ఇంకా పెద్ద మలుపు తిప్పుతాడు. మీకు బ్యాలస్ట్ వద్దన్నది అందుకే. మలుపులు కుదిరాక అదే బరువు మీకు మేలు చేస్తుంది.

అప్పుడు ఎంత వెయ్యాలో మోడలే చెబుతుంది. ఏడో, ఎనిమిదో లెగ్‌లో చూడండి. ఇంకా వేగం నిలబడి ఉండి, ఎత్తు కూడా మిగులుతుంటే ఇంకొంచెం బరువు మొయ్యగలదు. చివరి మూడు లెగ్‌లలో కిందికి దిగుతూ ఈడ్చుకుంటూ పోతుంటే బరువు ఎక్కువైంది. పోటీకి ముందు రోజు 200, 300 గ్రాముల చొప్పున మార్చి చూసి, ఏ గాలికి ఏ బరువు అన్నది ఆ కొండకి విడిగా రాసుకోండి. ఒక కొండ లెక్క ఇంకో కొండకి పనికిరాదు. వేసిన ప్రతిసారీ సీజీ కొలవండి. పైపరిమితి కూడా ఉంది: మొత్తం 5 కేజీలు మించకూడదు, లోడింగ్ (రెక్క, తోకల విస్తీర్ణానికి పడే బరువు) డెసిమీటర్ చదరానికి 75 గ్రాములు మించకూడదు. రెక్క, తోక కలిపి 60 చదరపు డెసిమీటర్ల మోడల్‌కి అది 4.5 కేజీలు. గాలి సెకనుకి 3 మీటర్ల కన్నా తగ్గినా, 25 మీటర్లు దాటినా అసలు పోటీయే సాగదు కాబట్టి ఆ మధ్యలోనే మన లెక్కలన్నీ.

డైనమిక్ సోరింగ్ విషయానికొస్తే, స్పెన్సర్ లిసెన్‌బీ 2021లో కాలిఫోర్నియాలో గంటకి 548 మైళ్లు, అంటే 882 కిలోమీటర్లు అందుకున్న వీడియో చూసే మీరు అడిగి ఉంటారు. అద్భుతమైన పని అది. కానీ అది కొండకి వెనక వైపున, వేగంగా కదిలే గాలికీ దాదాపు నిలిచిన గాలికీ మధ్య గుండ్రంగా తిరుగుతూ శక్తి తీసుకునే విద్య. మన రేసు మొత్తం కొండ ముందు జరుగుతుంది, వెనక్కి వెళ్తే సేఫ్టీ లైన్ (మనుషులున్న వైపుకి మోడల్ రాకుండా పెట్టిన గీత) దాటినట్టు పెనాల్టీ పడుతుంది. నేర్చుకుంటానంటే ఆనందమే, వేరే చవక మోడల్‌తో నేర్చుకోండి. మీ 51 సెకన్లకి అది మందు కాదు.

సేఫ్టీ లైన్ మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటి గట్టిగా చెబుతాను. నాలుగు కేజీల మోడల్ గంటకి 120 కిలోమీటర్లతో పోతున్నప్పుడు దాన్ని మనిషి శరీరం ఆపలేదు. ముందుగా తిప్పడం సాధన చేసేటప్పుడు తప్పు జరిగేది లోపలికి, కొండ వైపుకి వచ్చే లెగ్‌లోనే. ఏమాత్రం అనుమానం వచ్చినా బయటికి, గాలిలోకి తిప్పేయండి. ఆ రౌండ్ పోతే పోనివ్వండి.

సాధనకి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అంచు వెంబడి 100 మీటర్లు కొలిచి రెండు చివర్లా రెండేసి కర్రలు, ఒకదాని వెనక ఒకటి, కోర్సుకి లంబంగా పాతండి. వాటి వరుసలో చూసే స్నేహితుడు ఈల ఊదితే అదే బజర్. ఒక్కరే ఈల ఊదడానికి దొరికితే మీకు నష్టం జరుగుతున్న ఎ బేస్ దగ్గర నిలబెట్టండి. ఫోన్‌లో శబ్దం మాత్రం రికార్డ్ చేసుకుంటే ఈలకీ ఈలకీ మధ్య సమయం ఇంటికెళ్లాక కొలుచుకోవచ్చు. ఇంకో మెలకువ: ముందు ఒక మోస్తరు గాలిలో, సెకనుకి 6, 7 మీటర్లలో, బ్యాలస్ట్ లేకుండా చెయ్యండి. గట్టి గాలిలో లిఫ్ట్ మీ తప్పుల్ని కప్పేస్తుంది, తక్కువ గాలిలో ప్రతి మొరటు మలుపూ వెంటనే స్ప్లిట్‌లో కనిపిస్తుంది. మీకు దగ్గర్లో 60 అంగుళాల రెక్కల చిన్న మోడళ్ల రేసులు జరుగుతుంటే వాటికీ వెళ్లండి. చిన్న మోడల్ తేలిగ్గా వేగం కోల్పోతుంది కాబట్టి మెత్తగా తిప్పడం త్వరగా నేర్పుతుంది, పడిపోయినా నష్టం తక్కువ.

స్ప్లిట్‌లు మొత్తం పదీ, గాలి దిశతో సహా ఇక్కడ పెట్టండి. వీలైతే బేస్ పక్క నుంచి తీసిన వీడియో కూడా. ఎ దగ్గర మోడల్ ఎంత బయటికి పోతోందో చూస్తే, ఎన్ని మీటర్లు ముందు మొదలుపెట్టాలో మీ వేగానికి తగ్గట్టు చెప్పగలను.